డ్రైవ్‌షాఫ్ట్ మార్చాక కారు వణుకుతోందా? కారణాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

షాఫ్ట్ మార్చారు, బండి రోడ్డెక్కింది. 50 దాటేదాకా బాగానే ఉంది. 70 దగ్గర సీటు కింద సన్నగా అదురు మొదలైంది. పని చేయించక ముందు ఇది లేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే అనుమానం కొత్త షాఫ్టే తేడా అని. అది నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి. కానీ షాఫ్ట్ మార్చడమంటే ఆ ఒక్కదాన్నీ ముట్టుకోవడం కాదు. చక్రం విప్పారు, షాఫ్ట్ కొసను చక్రానికి బిగించే హబ్ నట్ తీశారు, బాల్ జాయింట్ ఊడదీశారు, కొన్ని బండ్లలో ఇంజిన్ మౌంటింగ్‌నో సబ్‌ఫ్రేమ్‌నో కదిపారు. వెనక చక్రాలు లాగే బండి అయితే ఫ్లాంజ్ (షాఫ్ట్ కొసను బోల్టులతో బిగించే పళ్లెం లాంటి భాగం) విప్పారు, షాఫ్ట్‌ను నడుమన మోసే సెంటర్ బేరింగ్ దించారు. చేయి పడిన ప్రతి చోటా వణుకు పుట్టే వీలుంది.

అందుకే షాఫ్ట్ మళ్లీ విప్పే ముందు రెండు సంగతులు తేలాలి. ఆ వణుకు చక్రం వేగంతో వస్తోందా, అంతకంటే వేగంగా తిరిగే దేనితోనైనా వస్తోందా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తోందా, తొక్కకపోయినా ఉంటోందా? ఈ రెండూ తేలితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. తేల్చుకోకుండా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే డబ్బూ పోతుంది, అసలు కారణమూ దొరకదు.

ముందు భద్రత

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా బండి ఇక నడపకండి: కింద ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్న చప్పుడు, 20-30 వేగంలోనే చక్రం ఊగుతున్నట్టు అనిపించడం, గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ కారడం, వణుకు నిమిషనిమిషానికీ పెరుగుతూ పోవడం. వీల్ నట్లు, హబ్ నట్, ఫ్లాంజ్ బోల్టులు వదులైనప్పుడు కనిపించే గుర్తులివి. బండి పొడవునా వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు కొస వేగంలో ఊడిపోతే కింది భాగాన్ని చీల్చేస్తుంది. ఒక్క బోల్టు వదులైందన్న అనుమానం ఉన్నా పక్కకు ఆపి చూడాల్సిందే.

కింద దూరి చూసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, నేల మీదే ఉన్న చక్రాలకు అడ్డు వేసి, అప్పుడే కిందికి వెళ్లండి. బండి స్టాండ్ల మీద ఉండగా ఇంజిన్ ఆన్ చేసి షాఫ్ట్ తిప్పుతూ కింద పడుకుని చూడడం మాత్రం ఎవరూ చేయకూడదు. తిరిగే షాఫ్ట్ చొక్కా అంచు పట్టుకుంటే వెనక్కి లాక్కునే సమయం ఉండదు.

మీ బండిలో ఉన్నది ఏ షాఫ్ట్?

డ్రైవ్‌షాఫ్ట్ అనే పేరుతో రెండు వేరు వేరు భాగాలు నడుస్తున్నాయి. ముందు చక్రాలు లాగే కార్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక్కో చక్రానికి వెళ్లే పొట్టి షాఫ్ట్ ఒకటి. దీనికి రెండు కొసల్లోనూ రబ్బరు బూట్ల లోపల, వంకరలోనూ ఒకే వేగంతో తిప్పే సీవీ జాయింట్లు ఉంటాయి. వెనక చక్రాలు లాగే బండ్లలో, ఫోర్ వీల్ డ్రైవ్‌లలో బండి పొడవునా వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) దాకా వెళ్లే గొట్టం లాంటి షాఫ్ట్ రెండోది. దీన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు.

వణుకు విషయంలో ఈ రెంటికీ ఉన్న తేడా చాలా పెద్దది. పొట్టి షాఫ్ట్ చక్రంతో సమానంగా తిరుగుతుంది. సన్నగా ఉంటుంది, దాని బరువంతా నడుమ గీతకు దగ్గరగానే ఉంటుంది. కాబట్టి బ్యాలెన్స్ కొంచెం తప్పినా మనకు తెలియడం అరుదు. అక్కడ గొడవ దాదాపు ఎప్పుడూ జాయింట్లలోనో, కూర్చున్న తీరులోనో ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ అలా కాదు. డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1 అయితే చక్రం ఒకసారి తిరిగేలోపు అది నాలుగుసార్లకు పైగా తిరుగుతుంది. దానికి కొద్దిపాటి బ్యాలెన్స్ లోపం, కొద్దిపాటి వంకర చాలు.

రోడ్డు మీద చేయాల్సిన పరీక్ష

టైర్లలో గాలి సరిచూసుకుని, నున్నటి రోడ్డు, రద్దీ లేని వేళ ఎంచుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని వాళ్లచేత రాయించండి. నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

మొదట నెమ్మదిగా వేగం పెంచుతూ వణుకు ఎక్కడ మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఆ పైన తగ్గిందా అన్నది గుర్తించండి. తర్వాత అదే వేగంలో గేర్ మార్చి చూడండి. 80లో నాలుగో గేర్‌లోనూ ఐదో గేర్‌లోనూ వణుకు ఒకేలా ఉంటే ఇంజిన్ వేగానికి దానితో సంబంధం లేదు. గేర్ మార్చగానే వణుకు మాయమైతే ఇంజిన్ వైపు, మౌంటింగ్‌ల వైపు చూడాలి.

అదే వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి, తర్వాత పూర్తిగా వదిలేయండి. అన్ని పరీక్షల్లోకీ నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. తొక్కినప్పుడు పెరిగి, వదలగానే ఆగిపోయే వణుకు బరువు పడ్డ జాయింట్‌దో, కోణందో అయి ఉంటుంది. తొక్కినా వదిలినా తేడా లేకుండా వేగాన్ని మాత్రమే పట్టుకుని ఉండే వణుకు బ్యాలెన్స్‌ది, వంకరది, లేదా చక్రానిది. బ్రేక్ వేసినప్పుడే వస్తే షాఫ్ట్‌ను వదిలేసి డిస్క్ కూర్చున్న తీరు చూడండి.

మాన్యువల్ గేర్ బండి అయితే కాసేపు న్యూట్రల్‌లో వదిలి చూడొచ్చు. ఇంజిన్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి, తాళం అసలు ముట్టుకోవద్దు. స్టీరింగ్ లాక్ పడితే, బ్రేక్ గట్టిపడితే ప్రాణం మీదికొస్తుంది. ఆటోమేటిక్ అయితే ఈ పరీక్ష మానేసి యాక్సిలరేటర్ వదిలి చూడడంతో సరిపెట్టుకోండి.

ఎక్కడ తెలుస్తోందన్నది కూడా రాసుకోండి. స్టీరింగ్ చేతిలో ఆడుతుంటే ముందు చక్రాలు. సీటు, ఫ్లోరు అదురుతుంటే వెనక భాగం లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్. చేతికి పెద్దగా తెలియకుండా చెవుల్లో మాత్రం గుయ్‌మని మోత వస్తుంటే వేగంగా తిరిగే భాగమేదో కారణమని.

చిన్న లెక్క

వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో తెలిస్తే ఏ భాగం నుంచి వస్తోందో చాలావరకు చెప్పేయొచ్చు. ఓ మాదిరి కారు టైరు ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు వెళ్తుంది. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22.2 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 12 సార్లకు కాస్త తక్కువగా తిరుగుతోంది. ఆ వేగంలో వణుకు 12 హెర్ట్జ్ (సెకనుకు 12 సార్లు) దగ్గర ఉంటే చక్రం, టైరు, హబ్, డిస్క్‌లలో ఏదో ఒకటి.

ముందు చక్రాల కార్లలో లోపలి జాయింట్ ఎక్కువగా మూడు రోలర్లుండే ట్రైపాడ్ రకం. అది వణికితే చుట్టుకు మూడుసార్లు, అంటే 35 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.1 నిష్పత్తితో సెకనుకు 48 సార్లు తిరుగుతుంది. దాని బ్యాలెన్స్ తప్పినా, అది వంగినా 48 హెర్ట్జ్. దాని కొసల్లో ఉండే యూనివర్సల్ జాయింట్ (క్రాస్) కోణాలు తప్పితే చుట్టుకు రెండుసార్లు, అంటే 96 హెర్ట్జ్.

ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఫోన్‌ను మెత్తటి సీటు మీద కాకుండా సీటు బిగించిన ఇనుప పట్టాకో, ఫ్లోరుకో గట్టిగా ఆనించి పట్టుకోవాలి. ఒక పరిమితి గుర్తుంచుకోండి. ఫోన్ సెన్సర్ సెకనుకు 100 సార్లు కొలిచేదైతే 50 హెర్ట్జ్ పైన ఉన్నది సరిగా చూపలేదు. అందుకని 96 దగ్గర ఏమీ కనిపించనంత మాత్రాన అక్కడ ఏమీ లేదనుకోకూడదు. యాప్ లేకపోయినా ఫరవాలేదు. 12 హెర్ట్జ్ వణుకును కప్పులో నీళ్లు ఊగడంలో కంటితో చూడొచ్చు. 48 దగ్గరిది చేతికి సన్నటి గిలిలాగా, చెవికి మోతలాగా తెలుస్తుంది.

ముందు చక్రాల కారు: వరుసగా చూడాల్సినవి

చక్రం కూర్చున్న తీరు. వినడానికి మరీ చిన్న విషయంలా ఉంటుంది, కానీ పని చేసిన మర్నాడే మొదలైన స్టీరింగ్ వణుకులో మొదట చూడాల్సింది ఇదే. చక్రం విప్పి డిస్క్‌ను కూడా తీయండి. హబ్ ముఖం మీద వేలితో రుద్దితే తుప్పు పెచ్చులు చేతికి తగులుతాయి. డిస్క్ లాగినప్పుడు ఊడిన ఒక పెచ్చు మళ్లీ బిగించేటప్పుడు హబ్‌కూ డిస్క్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. దాని మందం 0.2 మిల్లీమీటర్లే కావచ్చు. హబ్ ముఖం అడ్డంగా 14 సెంటీమీటర్లు, టైరు 62 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ తేడా టైరు అంచు దగ్గర నాలుగు రెట్లు దాటి దాదాపు 0.9 మిల్లీమీటర్లవుతుంది. వైర్ బ్రష్‌తో హబ్ ముఖం, డిస్క్ లోపలి ముఖం, చక్రం ఆనే భాగం మూడూ శుభ్రం చేయండి. అల్లాయ్ వీల్స్ అయితే మధ్య రంధ్రంలో ఉండే ప్లాస్టిక్ రింగ్ పని చేసిన చోటే పడిపోయిందేమో చూడండి. నట్లు ఎదురెదురుగా బిగిస్తూ వచ్చి, చివర్లో టార్క్ రెంచ్‌తో ముగించండి. ఎయిర్ గన్‌తో ఒకే ఊపులో బిగించిన చక్రం వంకరగా కూర్చునే అవకాశం ఎక్కువ.

రిమ్‌కు అతికించిన బ్యాలెన్సింగ్ తూకాలు ఊడిపోయాయేమో కూడా ఇప్పుడే చూసేయండి. బూడిద రంగు జిగురు మరక మాత్రమే మిగిలిన చోట తూకం ఉండేదని అర్థం.

ఇక్కడ ఒక మాట. ఇలాంటి వణుక్కి చాలామంది వెంటనే అలైన్‌మెంట్ చేయించమంటారు. స్ట్రట్ బోల్టులు విప్పి ఉంటే అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాల్సిందే. కానీ అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది. నేరుగా వణుకు పుట్టించేది అది కాదు. వణుకును తగ్గించేది బ్యాలెన్సింగ్. రెండూ వేరు వేరు పనులు.

హబ్ నట్. చాలా కార్లలో దీని టార్క్ 180 నుంచి 300 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసి అంతే బిగించాలి, అంచును గాడిలోకి కొట్టే రకం నట్ అయితే కొత్తదే వేయాలి. వీల్ బేరింగ్ రెండు సగాలనూ కలిపి నొక్కి ఉంచేది ఈ నట్టే. షాఫ్ట్ లేకుండా, లేదా నట్ బిగించకుండా బండిని చక్రాల మీద నిలబెట్టి తోసి ఉంటే బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే (వదులు కదలిక) ఉండకూడదు, తిప్పితే గరగరమనకూడదు.

లోపలి కొస పూర్తిగా దిగిందా? గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కొస మీద చిన్న లాక్ రింగ్ ఉంటుంది. అది గాడిలో పడేటప్పుడు టక్కుమని తెలుస్తుంది. పడిందో లేదో చూడ్డానికి జాయింట్ గిన్నెను పట్టుకుని బయటికి లాగండి, రాకూడదు. షాఫ్ట్ కడ్డీని పట్టుకుని మాత్రం లాగకండి. లాగితే లోపల ట్రైపాడ్ గిన్నెలోంచి జారిపోయి, మీరే కొత్త సమస్య తెచ్చిపెట్టిన వాళ్లవుతారు. బిగించేటప్పుడు హబ్‌ను బయటికి ఎక్కువ లాగినా ఇదే జరుగుతుంది.

తొక్కినప్పుడే వచ్చే వణుకు. 30 నుంచి 60 దాకా మూడో గేర్‌లో గట్టిగా లాగుతున్నప్పుడు బండి ముందు భాగం కుడికీ ఎడమకూ త్వరత్వరగా వణికి, కాలు తీయగానే ప్రశాంతంగా అయిపోతుందా? లోపలి ట్రైపాడ్ జాయింట్ ఇచ్చే గుర్తు ఇదే. కోణం పెరిగిన కొద్దీ ట్రైపాడ్ రోలర్లు గాడుల్లో జారుతూ పక్కకు తోస్తాయి. కొత్త జాయింట్‌లోనూ ఇది రావడానికి కారణాలు మూడు: జాయింట్ తయారీ నాసిగా ఉండడం, సరిపోని గ్రీజు లేదా తక్కువ గ్రీజు, కోణమే ఎక్కువ కావడం. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. పని కోసం ఇంజిన్ మౌంటింగ్ విప్పి, ఇంజిన్ పక్కకు ఒరిగి ఉండగానే బిగించేసినా, మౌంటింగ్ రబ్బరు చిరిగి ఇంజిన్ కిందికి దిగినా, సస్పెన్షన్ ఎత్తు పెంచి ఉన్నా లోపలి జాయింట్ మామూలు కంటే ఎక్కువ వంకరలో పనిచేస్తుంది. ఇంజిన్‌కు కింద ఆధారం ఇచ్చి, మౌంటింగ్ బోల్టులు కొంచెం వదిలి, ఇంజిన్ తన చోట తాను కూర్చున్నాక మళ్లీ బిగించండి. షాఫ్ట్ మళ్లీ విప్పడం కంటే ఇది చాలా చిన్న పని.

రెండో వైపు షాఫ్ట్‌ను కూడా అనుమానించండి. కుడివైపుది మార్చి ఎడమవైపుది పాతదే ఉంచితే, అప్పటిదాకా పెద్ద చప్పుడులో కలిసిపోయిన ఎడమవైపు వణుకు ఇప్పుడు విడిగా తెలియడం మొదలవుతుంది.

ఆగి ఉన్నప్పుడు వణుకు. ఆటోమేటిక్ బండిని డ్రైవ్ (D)లో వేసి బ్రేక్ మీద నిలబెడితే స్టీరింగ్, సీటు అదురుతూ, న్యూట్రల్‌లో వేయగానే తగ్గుతుందా? షాఫ్ట్ తిరగనప్పుడు బ్యాలెన్స్ ప్రశ్నే లేదు. కొత్త షాఫ్ట్ లోపలి జాయింట్ బిర్రుగా ఉన్నా, పొడవు ఎక్కువై లోపల ఆనుకున్నా, ఇంజిన్ అదురు జాయింట్‌లో కలిసిపోకుండా నేరుగా బాడీకి వచ్చేస్తుంది. మౌంటింగ్‌లు బాగున్నాయని తేలాక, షాఫ్ట్ తేడా అని నిక్కచ్చిగా చెప్పగలిగిన సందర్భాల్లో ఇదొకటి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన. అందుకే పాత షాఫ్ట్‌ను అప్పుడే పాత ఇనుముకు వేయొద్దు. రెంటినీ నేల మీద పక్కపక్కన పెట్టి పొడవు, కడ్డీ మందం, పళ్ల సంఖ్య, ఏబీఎస్ రింగ్ (చక్రం వేగాన్ని సెన్సర్‌కు చూపే పళ్ల చక్రం) పళ్లు పోల్చండి. పొడవాటి వైపు షాఫ్ట్ నడుమన కొన్ని కార్లలో లావుపాటి రబ్బరు డ్యాంపర్ ఉంటుంది. అది ఊరికే పెట్టింది కాదు, ఒక వేగం దగ్గర షాఫ్ట్ మోగకుండా ఆపేది అదే. బయటి కంపెనీ షాఫ్ట్‌లలో కొన్నింటికి అది ఉండదు, లేదా వేరే చోట ఉంటుంది. ఒకే వేగంలో మోత వచ్చి, ఆ పైన పోతుంటే దీన్ని గుర్తుచేసుకోండి. ఏబీఎస్ రింగ్ పళ్ల సంఖ్య తేడా అయినా, బిగించేటప్పుడు రింగ్ పగిలినా నెమ్మదిగా బ్రేక్ వేసేటప్పుడు పెడల్ కాలి కింద టకటకమంటుంది. దాన్ని వణుకుగా పొరబడే వాళ్లు చాలామంది.

మలుపులో టకటకమంటే అది బయటి సీవీ జాయింట్ లోపం. నేరుగా వెళ్లేటప్పుడు వచ్చే వణుక్కి దాన్ని నిందించడం సాధారణంగా సరికాదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉన్న బండి

ఇక్కడ చూడాల్సినవి ఎక్కువ, ఓపికా ఎక్కువే కావాలి. వరుసను మాత్రం తప్పొద్దు. విప్పకుండా కంటితో చూసేవి ముందు, కొలిచేవి తర్వాత, మిషన్ మీదికి పంపేది చివర్లో.

మొదట షాఫ్ట్ గొట్టం మీద చేయి వేసి మొత్తం తడమండి. చొట్ట ఉందా? బురదో తారో అంటుకుందా? చిన్న ఇనుప పలక ఊడిపోయి వెల్డింగ్ చుక్కలు మాత్రమే మిగిలిన చోటు ఉందా? ఆ పలక బ్యాలెన్సింగ్ తూకం. అది లేకపోతే ఇంకేం వెతకనక్కర్లేదు, నేరుగా బ్యాలెన్సింగ్‌కే.

గుర్తులు కలిశాయా? విప్పే ముందు షాఫ్ట్ ఫ్లాంజ్ మీదా డిఫరెన్షియల్ ఫ్లాంజ్ మీదా పెయింట్‌తో గీత పెట్టుకోవడం మంచి అలవాటు. కొత్త షాఫ్ట్‌కు పాత గీత పనికిరాదు కాబట్టి, రెంటిలోని కొద్దిపాటి లోపాలూ ఒకే వైపు పడి కలిసిపోవచ్చు. డిఫరెన్షియల్ వైపు బోల్టులు విప్పి, షాఫ్ట్‌ను సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించి చూడండి. నాలుగు బోల్టుల ఫ్లాంజ్ అయితే 90 డిగ్రీల చొప్పున కూడా చూడొచ్చు. ఖర్చు లేని పని, ఫలితం చాలాసార్లు వెంటనే తెలుస్తుంది. బిగించే ముందు రెండు ఫ్లాంజ్‌ల ముఖాల మీద పెయింట్ గడ్డలు, గీతలు లేకుండా తుడవడం మరవకండి. పీనియన్ (డిఫరెన్షియల్‌లోకి వెళ్లే గేర్ కడ్డీ) మధ్యలో ఉండే పెద్ద నట్ జోలికి మాత్రం పోవద్దు. లోపలి బేరింగ్ బిగువు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫేజ్. షాఫ్ట్‌కు ముందూ వెనకా ఉన్న యోక్ (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల భాగం) చెవులు ఒకే వరుసలో ఉండాలి. క్రాస్ జాయింట్ వంకరలో తిరిగేటప్పుడు చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. ముందు క్రాస్ చేసిన ఆ హెచ్చుతగ్గును వెనక క్రాస్ రద్దు చేయాలంటే చెవులు వరుసలో ఉండాలి, రెండు కోణాలూ సమానంగా ఉండాలి. రెండు ముక్కల షాఫ్ట్‌ను విడదీసి పళ్లలో మళ్లీ దూర్చినప్పుడు ఒక పన్ను తప్పి దూరినా ఈ లెక్క చెడిపోతుంది. కొన్నింటిలో తప్పు చేయడానికి వీల్లేకుండా ఒక వెడల్పాటి పన్ను ఉంటుంది, కొన్నింటిలో బాణం గుర్తులే దిక్కు. కంపెనీయే చెవులను వేరే కోణంలో అమర్చిన షాఫ్ట్‌లూ ఉన్నాయి కాబట్టి మాన్యువల్ బొమ్మతో సరిచూసుకోవాలి.

క్రాస్ బిగువు. షాఫ్ట్ ఒక కొస విప్పి కిందికి దించి, యోక్‌ను రెండు దిక్కులా వేళ్లతో ఆడించి చూడండి. మంచి క్రాస్ రెండు దిక్కులా ఒకే రకమైన తేలికపాటి బిగువుతో, ఎక్కడా ఆగకుండా కదులుతుంది. ఒక చోట పట్టేసి మళ్లీ వదులుతుంటే అనుమానించాల్సింది సూది రోలర్లను. కప్పు నొక్కేటప్పుడు గ్రీజులోంచి ఒక సూది జారి కప్పు అడుగున అడ్డంగా పడుతుంది. అప్పుడు కప్పు పూర్తిగా దిగదు, కప్పును ఆపే సర్క్లిప్ రింగ్ గాడిలో సరిగా కూర్చోదు. బయటి నుంచి చూస్తే క్రాస్ బాగానే ఉన్నట్టుంటుంది. నాలుగు సర్క్లిప్‌లనూ స్క్రూడ్రైవర్ కొసతో తాకి, గాడిలో చుట్టూ సమానంగా దిగాయో లేదో చూడండి. ఒకదాని అంచు మిగతా వాటికంటే పైకి కనిపిస్తే ఆ కప్పు తీసి చూడాల్సిందే. ఒక పక్క మందం సర్క్లిప్, మరో పక్క పలచటిది పడితే షాఫ్ట్ మధ్య నుంచి పక్కకు జరిగి బ్యాలెన్స్ తప్పుతుంది. యూ బోల్టులతో బిగించే రకమైతే అతిగా బిగించినా కప్పు నలిగి క్రాస్ పట్టేస్తుంది.

రబ్బరు కప్లింగ్, సెంటర్ బేరింగ్. రబ్బరు డిస్క్ ఉన్న బండ్లలో దాని అంచు మీద బాణాలు ఉంటే అవి ఫ్లాంజ్ చేతుల వైపు చూపాలి. రబ్బరు వైపున్న నట్‌నో బోల్టు తలనో కదలకుండా పట్టుకుని, ఫ్లాంజ్ వైపున్నదాన్ని తిప్పి బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. సెంటర్ బేరింగ్ బ్రాకెట్ బోల్టు రంధ్రాలు పొడవుగా ఉంటాయి. షాఫ్ట్ మొత్తం బిగించాక, బండి బరువు చక్రాల మీద ఉండగా, బ్రాకెట్‌ను ముందుకీ వెనక్కీ జరిపి రబ్బరు ఏ వైపుకూ లాగినట్టు లేని చోట బిగించాలి. బ్రాకెట్ కింద పలచటి వాషర్లు ఉండి ఉంటే అవి ఎక్కడివక్కడే తిరిగి పడాలి. కదిలేటప్పుడు, 10 నుంచి 40 లోపు వేగంలో ఒళ్లు కదిలిపోయేలా వణికి ఆ తర్వాత మాయమైతే మొదట చూడాల్సిన చోటు ఇదే.

వంకర కొలవడం. ప్రొపెల్లర్ షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతోందో లేదో కంటితో తేల్చలేం, డయల్ గేజ్ కావాలి. వెనక చక్రాలు లేపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, చేత్తో షాఫ్ట్‌ను తిప్పుతూ రెండు కొసల దగ్గరా నడుమనా కొలవండి. ఎంత దాకా ఒప్పుకోవాలన్నది బండిని బట్టి మారుతుంది. మామూలుగా అర మిల్లీమీటరు నుంచి 1 మిల్లీమీటరు లోపు ఉండాలి. కొస దగ్గర ఎక్కువగా ఉంటే షాఫ్ట్‌ను 180 డిగ్రీలు తిప్పి బిగించి మళ్లీ కొలవండి. ఎక్కువున్న చోటు షాఫ్ట్‌తో పాటు జరిగితే లోపం షాఫ్ట్‌ది. ఫ్లాంజ్‌తోనే ఉండిపోతే లోపం ఫ్లాంజ్‌ది.

కోణాలు కొలవడం. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో గేర్‌బాక్స్ బయటి కొస, షాఫ్ట్ గొట్టం, పీనియన్ మూడింటి వాలూ ఒకే దిక్కుగా కొలవాలి. సస్పెన్షన్ వేలాడుతుండగా కొలిచిన అంకెలకు విలువ లేదు, బండి బరువు చక్రాల మీద ఉండాలి. ఉదాహరణకు గేర్‌బాక్స్ 4 డిగ్రీలు, షాఫ్ట్ 6 డిగ్రీలు వాలి ఉంటే ముందు క్రాస్ పనిచేసే కోణం 2 డిగ్రీలు. పీనియన్ కూడా 4 డిగ్రీలే వాలి ఉంటే వెనక కోణమూ 2 డిగ్రీలే, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పీనియన్ 1 డిగ్రీ చూపితే వెనక కోణం 5 డిగ్రీలవుతుంది. అప్పుడు షాఫ్ట్ ఎంత మంచిదైనా వణుకు తప్పదు. రెండు కోణాల తేడా 1 డిగ్రీ లోపు, ఒక్కో కోణం సుమారు 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అలాగని సున్నా కూడా పనికిరాదు. కొద్దిపాటి కోణం లేకపోతే సూది రోలర్లు కదలక ఒకే చోట గాడి పెడతాయి. ఒకే కొసలో జంట క్రాస్‌లున్న షాఫ్ట్‌కు ఈ లెక్క వర్తించదు, అక్కడ పీనియన్ దాదాపు నేరుగా షాఫ్ట్ వైపే చూస్తుంది.

షాఫ్ట్ మార్చినంత మాత్రాన కోణాలెందుకు మారతాయని అడగొచ్చు. గేర్‌బాక్స్ మౌంటింగ్ విప్పి వేరే ఎత్తులో బిగించడం, సస్పెన్షన్ ఎత్తు పెంచడం, సెంటర్ బేరింగ్ వాషర్లు పోవడం, ఇవే సాధారణ కారణాలు.

బ్యాలెన్స్ తేల్చే హోస్ క్లాంప్ పరీక్ష

పైవన్నీ సరిగ్గా ఉండి, తొక్కినా వదిలినా ఒకేలా ఉండే 48 హెర్ట్జ్ తరహా వణుకు మిగిలితే అది షాఫ్ట్ బ్యాలెన్సే. మిషన్‌కు పంపే ముందు నిర్ధారించుకోవాలంటే, వణుకు ఎక్కువున్న కొస దగ్గర (ఎక్కువగా వెనక కొస) గొట్టం చుట్టూ చాక్‌పీస్‌తో 1 నుంచి 4 దాకా సమాన దూరంలో అంకెలు వేయండి. స్క్రూతో బిగించే ఒక హోస్ క్లాంప్‌ను స్క్రూ తల 1 మీద ఉండేలా గట్టిగా బిగించి, ఏమీ తగలకుండా తిరుగుతోందని చేత్తో తిప్పి చూసి, ఒకసారి నడిపి రండి. తర్వాత 2, 3, 4. ఏ అంకె దగ్గర తక్కువైందో అదే తేలిక వైపు.

అక్కడ ఇంకా కాస్త వణుకు మిగిలితే రెండో క్లాంప్‌ను కూడా స్క్రూ తల అదే చోట ఉండేలా బిగించండి. రెండూ కలిస్తే బరువు ఎక్కువైందనిపిస్తే స్క్రూ తలలను ఆ అంకెకు అటూ ఇటూ సమానంగా కొద్దికొద్దిగా జరుపుతూ తక్కువైన చోట ఆపండి. క్లాంప్ చోటు మారినప్పుడల్లా వణుకు మారితే బ్యాలెన్స్ తప్పిందన్నది ఖాయం. ఎక్కడ పెట్టినా తేడా లేకపోతే మళ్లీ కోణాల దగ్గరికి, చక్రాల దగ్గరికి వెళ్లాలి. క్లాంప్‌లను శాశ్వత పరిష్కారంగా వదిలేయొద్దు. షాఫ్ట్‌ను మిషన్ మీద బ్యాలెన్స్ చేయించి, తూకం వెల్డ్ చేయించుకోండి. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్‌తో సహా మొత్తం కలిపే పంపండి, విడివిడిగా చేసిన బ్యాలెన్స్ కలిపినప్పుడు నిలవదు.

అవసరమైనప్పుడు మాత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ వాడే బండ్లలో ఇంకో సులువైన దారి ఉంది. ముందు చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసి పక్కన పెట్టి, టూ వీల్ డ్రైవ్‌లో నడిపితే వణుకు పోయిందో లేదో చూడొచ్చు. ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే కార్లలో మాత్రం మాన్యువల్ ఒప్పుకుంటేనే ఇలా చేయాలి. వాటిలో నాలుగు టైర్ల అరుగుదలలో తేడా ఉన్నా డ్రైవ్‌లైన్ బిగుసుకుని అదురుతుంది.

షాఫ్ట్ వెనక్కి ఇచ్చేటప్పుడు

లోపం కొత్త షాఫ్ట్‌దేనని తేలితే "వణుకుతోంది" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. ఏ వేగంలో మొదలైంది, తొక్కినప్పుడా వదిలినప్పుడా, న్యూట్రల్‌లో ఏమైంది, డయల్ గేజ్ అంకెలెంత, పాత షాఫ్ట్ పొడవెంత కొత్తదెంత, ఇవన్నీ కాగితం మీద రాసి ఫోటోలతో ఇవ్వండి. బిగించినవాళ్లు వేరు, అమ్మినవాళ్లు వేరు అయితే తప్పు మీదంటే మీదని తిప్పుతారు. చేతిలో అంకెలుంటే ఆ వాదన ఎక్కువసేపు సాగదు.

మార్చిన రెండో షాఫ్ట్‌కు ఫ్లాంజ్ బోల్టులు, లాక్ నట్లు కొత్తవే వేయించండి. కొద్ది రోజులు నడిపాక వీల్ నట్ల టార్క్, ఫ్లాంజ్ బోల్టుల టార్క్ మరోసారి సరిచూడండి. గేర్‌బాక్స్ సీల్ దగ్గర తడి ఉందేమో వేలితో తాకి చూడండి, షాఫ్ట్ దూర్చేటప్పుడు సీల్ పెదవి తెగి ఉంటే ఆ తడి మొదటి వారంలోనే బయటపడుతుంది.